గార్డు డబ్బాలోనే ఉంది

కొత్త గ్రైండర్ డబ్బా విప్పితే మెషినుతో పాటు పక్కకి బిగించే పిడి, డిస్కు మార్చడానికి రెండు కొమ్ముల స్పానరు, భూతద్దం పెడితే తప్ప కనబడని అక్షరాలతో చిన్న పుస్తకం, అర్ధచంద్రాకారంలో వంచిన ఇనుప రేకు ఉంటాయి. ఆ రేకే గార్డు. ఏడాది గడిచాక అదే డబ్బా మళ్ళీ విప్పి చూడండి. పిడి కనబడదు. స్పానరు ఎవరో అడిగి తీసుకెళ్ళి ఉంటారు. పుస్తకం మీద టీ గ్లాసు ముద్రలుంటాయి. గార్డు మాత్రం ఒక్క గీత పడకుండా, షాపులోంచి వచ్చిన మెరుపుతోనే ఉంటుంది. ఇంట్లో బంగారాన్ని కూడా ఇంత భద్రంగా దాచుకోం.

నాగోల్‌లో కాపురం ఉంటూ ఈ మెషిన్ల గురించి ఆలోచించకుండా ఉండటం కష్టం. 2017 నవంబరులో హైదరాబాదు మెట్రో మొదలైనప్పుడు తొలి దారి నాగోల్ నుంచి మియాపూర్‌కే. అంతకుముందే మొదలైన కట్టుబడి ఆ తర్వాత ఇంకా ఊపందుకుంది. ఒక అపార్టుమెంటు గృహప్రవేశం భోజనాలు పూర్తయ్యేసరికి పక్క ప్లాటులో పునాది తవ్వుతుంటారు. టిఫిన్ల వేళకి గ్రానైట్ కోసే కట్టర్, పదింటికి ఏసీ పైపు కోసం గోడకి కన్నం, మధ్యాహ్నం కునుకు పట్టే వేళకి ఇంటీరియర్ వాళ్ళ కరెంటు రందా. ఉప్పల్ వైపు వెళ్తే గేట్లు, గ్రిల్స్, స్టీలు రెయిలింగులు చేసే షాపులు. ఫుట్‌పాతే వర్క్‌షాపు. నిప్పురవ్వలు బస్సు కోసం నిలబడ్డవాళ్ళ చెప్పుల దాకా వస్తాయి. ఇంకాస్త ముందుకి నాచారం పారిశ్రామికవాడకి పోతే అవే చప్పుళ్ళు షెడ్ల గోడల వెనక నుంచి వినబడతాయి.

చప్పుడు మీద ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. ఆదివారం పొద్దున్నే డ్రిల్లింగ్ పెట్టేవాళ్ళ గురించి విడిగా రాయాలి, అది బాగా కోపం వచ్చిన రోజున రాయాలి. ఇప్పుడు నన్ను తొలుస్తున్నది ఇంకోటి. పని బాగా వచ్చినవాడే గార్డు ఎందుకు తీసేస్తాడు? కొత్తగా చేరిన కుర్రాడు తీయడు. వాడికింకా భయం ఉంది.

మా కింది ఫ్లాటులో ఇంటీరియర్ చేస్తున్న వడ్రంగి మేస్త్రీని ఈ మాటే అడిగాను. ఆయన పని చెయ్యి ఆపకుండానే చెప్పాడు.

"గార్డు ఉంటే గీత కనవడది సార్. గీత కనవడకుంటే కోత వంకర పోతది. వంకర పోతే ఇంటోళ్ళు ఊకుంటరా?"

"మరి చెయ్యి?"

"పదిహేనేండ్ల సంది ఇదే పని. యాడుండాల్నో చెయ్యికి తెల్వదా సార్?"

మొదటి జవాబుకి నా దగ్గర ఎదురు మాట లేదు. గార్డు అడ్డం వస్తుందన్నది నిజమే. పని చేసేవాడి కంటితో చూడకుండా తయారుచేసిన గార్డులు చాలా ఉన్నాయి. రెండో జవాబే రాత్రి దాకా వదల్లేదు. చెయ్యికి తెలుసు అన్నాడాయన. ఆ మాట ఆయన తాతకి అక్షరాలా చెల్లుతుంది. ఉలి, బాడిస, రంపం, తాడు చుట్టి తిప్పే బరమా, వీటిలో ఉన్న బలమంతా చేతిదే. చెయ్యి ఆగితే పనిముట్టూ ఆగుతుంది. రంపం జారితే బొటనవేలి మీద చర్మం గీసుకుంటుంది, నాలుగు రోజులు మండుతుంది, అయిదో రోజు నుంచి ఆ వేలు తన చోటు తాను వెతుక్కుంటుంది. వడ్రంగి ఇంట్లో పిల్లలు అలాగే నేర్చుకున్నారు. చిన్న తప్పుకి చిన్న దెబ్బ, పెద్ద తప్పుకి కాస్త పెద్ద దెబ్బ. అనుభవం అంటే ఆ మచ్చల లెక్కే.

ఇప్పుడు కరెంటు పనిముట్టు లెక్క చూద్దాం. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 సార్లు తిరుగుతుంది. డిస్కు అంచు దగ్గర అది సెకనుకి 57 మీటర్లు, గంటకి 200 కిలోమీటర్ల పైమాట. మా స్టేషన్ నుంచి బయల్దేరే మెట్రో ఎంత పరుగెత్తినా గంటకి 80 దాటదు. ఏదో తేడా జరుగుతోందని కళ్ళు పసిగట్టి, మెదడు చెప్పి, చెయ్యి వెనక్కి రావడానికి మామూలు మనిషికి పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో డిస్కు నలభై అయిదు చుట్లు పూర్తిచేసి ఉంటుంది. చెయ్యికి తెలిసేది ఆ తర్వాతే. పదిహేనేళ్ళలో ఏమీ కాలేదంటే, ఆ ఒక్క క్షణం గురించి ఆ పదిహేనేళ్ళు ఆయనకి ఏమీ నేర్పలేదని అర్థం. పైగా ఏమీ కాని ప్రతి రోజూ గార్డు అక్కర్లేదన్న తప్పుడు పాఠాన్ని ఇంకాస్త గట్టిపరుస్తూ పోయింది. చేతి పనిముట్టు దగ్గర గురువైన అనుభవం ఇక్కడ పొగిడి పాడుచేసే స్నేహితుడవుతుంది.

ఆ ఫ్లాటులో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్నదీ, భయపెట్టినదీ ఒకటే వస్తువు. ప్లైవుడ్ షీటు మధ్యలో సన్నటి గాడి కోసి, కింది నుంచి మార్బుల్ కట్టర్‌ని తిరగేసి మరలతో బిగించారు. బ్లేడు గాడిలోంచి పైకి లేచి ఉంటుంది. స్విచ్చుని ఆన్‌లోనే లాక్ చేసి, ఆపాలన్నా నడపాలన్నా గోడ ప్లగ్గు దగ్గరికే వెళ్తారు. నగరంలో ఇంటీరియర్ పని జరిగే చోటల్లా ఈ బల్ల కనిపిస్తుంది. మెచ్చుకోకుండా ఉండలేం. అసలైన టేబుల్ రంపం పెట్టుబడి ఎక్కడ, అది మోసే ఆటో ఎక్కడ? ఇది బైకు మీద వెనక కూర్చున్నవాడి ఒళ్ళో వచ్చేస్తుంది.

కాని అసలైన టేబుల్ రంపానికి ఉన్న కొన్ని వస్తువులు దీనికి ఉండవు. బ్లేడు వెనకాల దాదాపు దానంత మందంలో ఒక ఉక్కు పలక నిలబడి ఉంటుంది. కోసిన చెక్క మళ్ళీ దగ్గరికి ముడుచుకుని బ్లేడుని పట్టేయకుండా చూడటమే దాని పని. పైన ఒక మూత. తొడ తగిలినా ఆగిపోయేంత పెద్ద ఎర్ర బటను. ఉక్కు పలక లేనిచోట చెక్క బ్లేడుని వెనక పళ్ళ దగ్గర పట్టేస్తుంది. ఆ పళ్ళు కింది నుంచి పైకి, కోసేవాడి వైపు వస్తుంటాయి కాబట్టి చెక్కని ఎత్తి ఆయన మీదికే విసిరేస్తాయి. జనం అనుకునేది వేరు. ఏమరుపాటుగా వేలు బ్లేడు మీదికి వెళ్ళిందంటారు. చాలాసార్లు చెయ్యి ఎక్కడికీ వెళ్ళదు. అది బలంగా ఆనుకుని ఉన్న చెక్క ఒక్కసారిగా మాయమవుతుంది, ఆ బలం చేతిని ముందుకి లాక్కెళ్తుంది. ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకున్నా ఇక్కడ పనికిరాదు. పనికొచ్చేది పారేసే చెక్క ముక్కతో చేసుకున్న తోపుడు కర్ర. దానికి పైసా ఖర్చు లేదు. దాన్నీ వాడరు.

మనిషికి నేర్పలేకపోతే మెషినుకే నేర్పుదామని అమెరికాలో స్టీవ్ గాస్ అనే ఆయన దాదాపు పాతికేళ్ళ కిందట బయల్దేరాడు. భౌతికశాస్త్రంలో డాక్టరేటు, వృత్తి పేటెంట్ల లాయరు, సరదాకి వడ్రంగం. బ్లేడులో సన్నటి విద్యుత్ సంకేతం నడుపుతాడు. చర్మం తగలగానే ఆ సంకేతం మారుతుంది, ఒక అల్యూమినియం దిమ్మ పళ్ళలోకి దూసుకొచ్చి బ్లేడుని అయిదు మిల్లీసెకన్లలో ఆపేస్తుంది. జనానికి చూపించడానికి వేలి బదులు మాంసపు సాసేజ్ పెట్టేవాడు, దాని మీద గీత పడేది, అంతే. బాగుంది. కాని అలాంటి రంపం ఒక్కటి కొనే డబ్బుతో మా మేస్త్రీ తన సామానంతా చాలాసార్లు కొనుక్కోవచ్చు.

అయితే చట్టం? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇరవై ఒకటో సెక్షనులోనే మెషిను తిరుగుతున్నంతసేపూ కంచె దాని చోట దానికి ఉండాలని రాసింది. కాని దేన్ని ఫ్యాక్టరీ అనాలో కూడా అదే చట్టం చెప్పింది. కరెంటుతో నడిచే చోట కనీసం పదిమంది పనివాళ్ళుండాలంది. నాచారం షెడ్డు ఆ లెక్కలోకి వచ్చేది. ఇద్దరు వడ్రంగులు, ఒక కుర్రాడు ఉన్న మా కింది ఫ్లాటు రాదు. భవన నిర్మాణ కార్మికులకని 1996లో వచ్చిన చట్టమూ పదిమంది లెక్కతోనే మొదలైంది. చట్టాల పేర్లు మారుతున్నాయి గానీ తలల లెక్క పోలేదు. బ్లేడుకి మాత్రం గదిలో ఎంతమంది ఉన్నారో తెలియదు.

నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. మా వీధి నుంచి ఆటోలో పోవచ్చు. పారిశ్రామికవాడలో జీతం చీటీ మీద పనిచేసేవాడికి, వాడి జీతంలోంచి నూటికి ముప్పావలా, యజమాని నుంచి నూటికి మూడుంపావలా కట్టి ఉంటే, ఆ తలుపు తెరుచుకుంటుంది. రోజుకూలీకి వచ్చిన వడ్రంగికి అదే ఆటో దూరం చాలా ఎక్కువ. ఆసుపత్రి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేయాలి. తెగిన వేలుని నేరుగా ఐసులో పడేయకూడదు. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి బిగించి, ఆ కవరుని ఐసులో పెట్టి తీసుకెళ్ళాలి. ఐసు నేరుగా తగిలితే కండ పాడవుతుంది, అతికించడం కష్టమవుతుంది. ఈ మాట పనిచోట గోడ మీద రాసి పెట్టినవాళ్ళని నేనింకా చూడలేదు.

కరెంటు సంగతి మరీ విచిత్రం. మెషిను మంచి కంపెనీదే కొంటారు, ప్లగ్గు పోతే కొత్తది కొనరు. రెండు వైర్ల కొసలు ఒలిచి సాకెట్లోకి దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చుతారు. మూడో వైరు ఉంటే దాన్ని వెనక్కి మడిచేస్తారు. ఈకాలపు డ్రిల్లు, గ్రైండర్ల మీద చదరంలో చదరం గుర్తు కనబడుతుంది. లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉంది, ఎర్త్ వైరు అక్కర్లేదని దాని అర్థం. పాత ఇనుప ఒళ్ళు మెషిన్లకి ఆ వెసులుబాటు లేదు. ఏ గుర్తున్నా తెగిన వైరు తడి నేల మీద పడితే చేసేదేమీ లేదు. గ్రానైట్ కోసేచోట నేల ఎప్పుడూ తడే. నీళ్ళ బాటిల్ మూతకి కన్నం పెట్టి, ఒకడు కోస్తుంటే ఇంకొకడు బ్లేడు మీద ధార పోస్తుంటాడు. ఆ నీళ్ళు కావాలి కూడా. లేకపోతే రాతి పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి సిలికోసిస్ తెస్తుంది, అది వచ్చాక నయం చేసే మందు లేదు. ఊపిరితిత్తుల్ని కాపాడే నీళ్ళే గుండెకి ముప్పు తెస్తాయి. ఈ చిక్కుముడిని విప్పేది ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటు వెళ్ళినంతా తిరిగి రాకపోతే, 30 మిల్లీయాంపియర్ల తేడా చాలు, రెప్పపాటు లోపే సరఫరా కోసేస్తుంది. చాలామంది ఇంట్లో ఎంసీబీ ఉంది కదా అంటారు. ఎంసీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. ఆర్‌సీసీబీ బిగించిన చిన్న బోర్డు ఒకటి సంచిలో పెట్టుకు తిరిగితే చాలు. దానిమీద ఉండే టెస్ట్ బటను నెలకోసారి నొక్కాలి, పడిపోతే బతికున్నట్టు.

అనుభవాన్ని ఇందాక నిందించాను. అది నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. ఉప్పల్‌లో మోటార్లకి తీగ చుట్టే షాపు ముందు అరగంట నిలబడితే తెలుస్తుంది. ఎవరో డ్రిల్లు తెచ్చి బల్ల మీద పెడతారు. అక్కడి పెద్దాయన ప్లగ్గు పెట్టి ఒక్కసారి నొక్కి వదిలేస్తాడు. విప్పక ముందే "బ్రష్షులు అరిగినయ్" అంటాడు. గాలి కన్నాల్లోంచి లోపల నీలం మెరుపు గుండ్రంగా తిరుగుతుంటే బ్రష్షులు. వార్నిషు కాలిన వాసన వస్తే ఆర్మేచర్. గరగరమంటే బేరింగు. తిరుగుతూ తిరుగుతూ గొంతు మారితే గేర్ల దగ్గర గ్రీజు ఎండింది. కార్బన్ బ్రష్షు అరగడానికే పుట్టిన వస్తువు, దాని ధర టీ టిఫిన్ల ఖర్చు దాటదు. దాన్ని పట్టించుకోకపోతే అది ఒరుసుకునే రాగి చుట్టు గీతలు పడి పాడవుతుంది, అప్పుడు ఆర్మేచరే మార్చాలి, సగం మెషిను ఖరీదు పోతుంది. మెషిను జబ్బు వారాల తరబడి చెప్పి మరీ వస్తుంది. వినడానికి చెవి, ముక్కు, వేడి తెలిసే అరచెయ్యి కావాలి. ఆ చదువు పదిహేనేళ్ళకే వస్తుంది. అదే మనిషి తిరిగే చక్రం ముందు కూర్చున్నప్పుడు ఆ చదువు ఎందుకూ కొరగాదు. ఒకే చెయ్యికి రెండు రకాల న్యాయం జరుగుతుందన్నది మనసుకి ఎక్కడం కష్టం.

డిస్కుల సంగతికొస్తే, నాకు చాలా ఆలస్యంగా తెలిసిన విషయం, కోసే డిస్కుకి గడువు తేదీ ఉంటుందని. నడుమ ఉన్న లోహపు చుట్టు మీద నెల, సంవత్సరం అచ్చు వేస్తారు, మామూలుగా తయారైన మూడేళ్ళకి. రాపిడి పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలో తేమకి బలం తగ్గుతుంది. వానాకాలమంతా సెల్లార్లో తడిగోడకి ఆనించిన డిస్కు చూడటానికి కొత్తగానే ఉంటుంది. రొట్టె కవరు మీద తేదీ చూసే మనం దీనిమీద చూడం. డిస్కు మీద ఇంకో అంకె ఉంటుంది, అది ఎంత వేగం దాకా తట్టుకోగలదో. నాలుగంగుళాల దానిమీద 15,000 పైచిలుకు, ఏడంగుళాల దానిమీద దాదాపు 8,500. గార్డు తీసేశాక చోటు దొరికింది కదా అని పెద్ద డిస్కుని చిన్న మెషినుకి ఎక్కించేవాళ్ళు ఈ రెండో అంకెని ఒక్కసారి చదివితే బాగుండు. అలాగే డ్రిల్లు పట్టేటప్పుడు గుడ్డ గ్లోవ్స్ వేసుకోవడం. జాగ్రత్త అనుకుని వేసుకుంటారు, ఒక దారప్పోగు బిట్టుకి చుట్టుకుంటే చాలు, గ్లోవ్ వెంట వేలు, వేలు వెంట మణికట్టు.

కరెంటు డ్రిల్లుని 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ కంపెనీ చేతపట్టుకునేలా చేసింది. దానికి పిస్తోలు పిడి, మీట పెట్టి బ్లాక్ అండ్ డెకర్ 1917లో పేటెంటు పొందింది. ఆ మీటలో ఉన్న గొప్పతనం చాలామంది గమనించరు. వేలు వదిలేస్తే మెషిను ఆగిపోతుంది, మనిషి పడిపోయినా ఆగిపోతుంది. చవక గ్రైండర్లకి జరిపే స్విచ్చు ఉంటుంది, జరిపితే అక్కడే ఉంటుంది. పని మధ్యలో కరెంటు పోయింది. మేస్త్రీ మెషిను నేల మీద పెట్టి బీడీకి వెళ్ళాడు. కరెంటొచ్చింది. మెషిను తనంతట తానే లేచి టైల్సు మీద గిరగిరా పరుగులు పెట్టింది. మా వీధిలో ఈ తమాషా జరిగింది, ఆ సమయానికి గదిలో ఎవరూ లేరు.

దసరా వేళ ఆయుధపూజ చూడటం నాకిష్టం. గేట్లు చేసే షాపుల ముందు మెషిన్లని తుడిచి, వైర్లు చుట్టి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోసి, గుమ్మడికాయ పగలగొడతారు. రోడ్డంతా గుమ్మడి ముక్కలు, వాటి మీద జారే స్కూటర్లు, అది వేరే ప్రమాదం. భక్తిని పక్కన పెట్టినా, సంవత్సరంలో ఆ ఒక్కరోజు ప్రతి మెషిను ప్లగ్గు ఊడుతుంది, దుమ్ము వదులుతుంది, వైరు ఎక్కడ చిరిగిందో కంటపడుతుంది. మెయింటెనెన్స్ అని ఇంగ్లిషులో చెప్తే ఎవరూ వినని పనిని పండగ చేయిస్తోంది. ఉప్పల్ దగ్గర ఒక షాపులో డబ్బాలోంచి గార్డుని కూడా బయటికి తీసి మెషిను పక్కన పెట్టి బొట్టు పెట్టారు. మర్నాడు అటే వెళ్తూ చూశాను. గ్రైండర్ పనిలో ఉంది, బొట్టుతో సహా గార్డు మళ్ళీ డబ్బాలో.

పోయిన ఏడాది మా అపార్టుమెంటు సంఘం మీటింగులో ఈ గొడవ నేనే ఎత్తాను. లిఫ్టు, నీళ్ళ ట్యాంకరు, కార్ల పార్కింగు అయ్యాక, అందరూ లేవబోతుండగా. ఇంటీరియర్ పనికి వచ్చేవాళ్ళు ఆర్‌సీసీబీ బోర్డు తెచ్చుకోవాలి, గార్డు లేని మెషిను వాడకూడదు, పద్దెనిమిది నిండని పిల్లల్ని బ్లేడు దగ్గర కూర్చోబెట్టకూడదు అని రాశాం. పని చేయించుకునేది మన ఇంట్లోనే కాబట్టి అడిగే హక్కు, బాధ్యత మనదేనని వాదించాను. "వాళ్ళ పని వాళ్ళకి తెలీదా?" అని ఒకాయన అన్నాడు. గంటకి పది రూపాయలు తగ్గించమని అదే వాళ్ళతో బేరమాడేటప్పుడు ఈ గౌరవం కనబడలేదు. మొత్తానికి తీర్మానం నెగ్గింది, తనిఖీ బాధ్యత వాచ్‌మన్‌కి అప్పగించారు.

బోర్డు నియమం బాగానే నడుస్తోంది, సంఘమే ఒకటి కొని ఆఫీసు గదిలో పెట్టింది, అడిగినవాళ్ళకి ఇస్తారు. పిల్లల విషయంలో ప్రతివాడూ పద్దెనిమిదేళ్ళే అంటున్నాడు, మీసం రానివాడితో సహా. ఇక గార్డు. మూడో అంతస్తులో పనిచేసే మేస్త్రీ స్పానరుని మొలకి కట్టుకు తిరుగుతున్నాడని విని ముచ్చటపడ్డాను. వాచ్‌మన్‌ని అడిగితే నవ్వాడు.

"నేను లిఫ్టు ఎక్కంగనే కింది నుంచి పోరడు ఫోన్ కొడతడు సార్. నేను మూడుకి పోయేలోపల బిగిస్తడు. మస్తు స్పీడున్నది ఆయన చెయ్యి."